తుపాకీ లేని హెలికాప్టర్

మా వైపు హెలికాప్టరంటే ఎలక్షన్లప్పుడు వచ్చేదే. పిల్లలు దుమ్ములో పరిగెత్తేదీ, పెద్దలు కండువాలు సర్దుకునేదీ దానికే. మా అన్న మిలిటరీలో హెలికాప్టర్ నడుపుతాడంటే, ఏ నాయకుడిదని అడిగినవాళ్లే ఎక్కువ.

ఆ అన్న సరిహద్దు కొండల్లో, కాల్పుల మధ్య, గాయపడిన జవాన్ల కోసం మూడుసార్లు కిందికి దిగాడు. మూడోసారి తూటా అద్దం పగలగొట్టుకుని వచ్చి భుజంలో దూరింది. అయినా చివరి మనిషిని ఎక్కించేదాకా అక్కడినుంచి లేవలేదు.

భుజం మానాక సెలవు మీద జమ్మలమడుగు వస్తే, మా మేనమామ సన్మానం పెట్టించాడు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్లు మండింది. అన్న ఫొటో పక్కన క్షిపణులు వేలాడే హెలికాప్టర్, కింద మంటలు, "శత్రువులను చీల్చి చెండాడిన సీమ సింహం" అని అక్షరాలు. అన్న నడిపినదానికి ఒక్క తుపాకీ కూడా లేదు.

ఇంటికొచ్చిన వాళ్లదీ అదే వరస. ప్రొద్దుటూరు చుట్టాలేమి, వేంపల్లె నుంచి వచ్చిన చిన్నాయన కొడుకులేమి, కూర్చోగానే "ఎంతమందిని చంపినావప్పా?" అనడమే. ఎంతమందిని తెచ్చావని అడిగిన నోరు ఒక్కటీ లేదు. అన్న నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం చేతికిచ్చిన కాఫీ వెనక్కి లాక్కోవాలనిపించేది.

సభలో అన్నకు శాలువా కప్పి పెద్ద కత్తి ఒకటి చేతికిచ్చారు. అన్న దాన్ని కుర్చీలో పెట్టి మైకు అందుకున్నాడు.

"నేను ఎవర్నీ సంపలేదు. దెబ్బలు తగిలినోళ్లను తెచ్చినా, అంతే. ఒక పిల్లోడు దారిలోనే పోయినాడు. ఇంగ రొంత ముందు దిగింటే బతికుండునేమో."

సభ చప్పబడింది. వెనక కూర్చున్నవాళ్లు లేచి పోసాగారు. మామ గబుక్కున మైకు లాక్కున్నాడు. "మిలిటరీ రహస్యాలు బయట చెప్పగూడదు గదప్పా! అందుకే మా అల్లుడు అట్ల చెప్తాండాడు. మీరే అర్థం చేసుకోండి!"

ఈలలు, చప్పట్లు. అన్న చెప్పిన నిజాన్ని నా కళ్లముందే అబద్ధం చేసేశారు. మామ మీసం తిప్పి, "మాది వెనకడుగేసే రక్తం కాదు" అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినేసరికి నాకు తల తిరిగిపోయింది. మా చిన్నప్పుడు, ఏ గొడవల్లోనూ లేని మా నాయనను ఇంకెవరో అనుకుని పులివెందుల రోడ్డు మీద నరికారు. నెత్తురు కారుతూ పడున్న ఆయనను చూసి కూడా జీపు ఆపకుండా పోయింది ఈ మామే. ఇంట్లో అందరికీ తెలుసు. తరువాత మమ్మల్ని పెంచి చదివించాడు కాబట్టి ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి రాగానే చుట్టాలందరి ముందూ అడిగేశాను.

"మా నాయన పడుంటే జీపు ఎందుకు ఆపలేదు మామా?"

మామ ముఖం మాడిపోయింది. "ఆపింటే నన్ను గూడా నరికుండేవాళ్లు పాపా. వాళ్లు ఆడనే ఉండ్రి."

"అన్నను కాల్చేవాళ్లు గూడా ఆడనే ఉండ్రి మామా. అయినా దిగినాడు."

అన్న నా చెయ్యి పట్టుకుని, "ఇంగ చాల్లేమ్మా" అన్నాడు. నాకు చాలలేదు.