బాలింత గదిలో పరుగు

నా చిన్నప్పుడు, పీణ్య పారిశ్రామికవాడలో మా పక్కింటికి కోడలిగా వచ్చిన అక్క మారథాన్ పరుగులో దేశంలోనే మొదటి స్థానం తెచ్చుకున్న మనిషి. తెల్లవారకముందే కార్ఖానా షెడ్ల మధ్య రోడ్డు మీద పరిగెత్తి, మేము పళ్ళు తోముకునే వేళకి చెమటతో తిరిగొచ్చేది. ఆమె గెలిచిన కప్పుల్లో వాళ్ళ మామగారు మేకులూ బోల్టులూ పోసి పెట్టుకునేవారు. ఆ ఇంట్లో ఆమె గెలుపుకి దొరికిన మర్యాద అంతే.

అక్కకి తల్లి లేదు. అందుకని కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. "అయిదు నెలలు బాలింతగా గదిలో ఉండు, తర్వాత నీ ఇష్టం" అన్నారు మామగారు. వినడానికి ఎంత పెద్దమనసో! ఆ తర్వాత రెండు నెలలకే విదేశంలో జరిగే పోటీకి జట్టును ఎంపిక చేస్తారని ఆయనకి తెలుసు. అయిదు నెలలు కదలని కాళ్ళు అంత దూరం పరిగెత్తలేవని, ఆ అవకాశం పోతే కోడలు తనంతట తానే పరుగు మానేస్తుందని ఆయన లెక్క. ఆచారం పేరు చెప్పారు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

వేసవి సెలవుల్లో ఉయ్యాల ఊపడానికి నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు. మూసిన తలుపు, కిటికీకి దుప్పటి, సాంబ్రాణి పొగ. అక్క తలకి గుడ్డ, చెవుల్లో దూది. కాసేపటికే నాకు ఊపిరాడేది కాదు. ఒకరోజు ఆమె గోడకి తల ఆనించి, "నా కాళ్ళు నావి కాకుండా పోతా ఉండాయి, పాపా" అని ఏడ్చింది. నేను ఉయ్యాల తాడు లాగుతూనే ఉన్నాను. ఆ తాడు నా చేతిలోంచి తీసుకుని ఆమె తన కాలి చీలమండకి కట్టుకుంది. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు ఎత్తుతూ దించుతూ ఉయ్యాల ఊపింది. ఒక కాలు అలిసిపోతే ఇంకో కాలికి మార్చేది. చూడవచ్చినవాళ్ళు తల్లి ప్రేమంటే ఇదీ అని మురిసిపోతుంటే మాకు లోపల ఒకటే నవ్వు.

ఒక మధ్యాహ్నం అత్తగారు నూనె రాయడానికి బిడ్డను బయటికి తీసుకెళ్ళారు. అక్క మాత్రం కసరత్తు ధ్యాసలో పడి ఊపుతూనే ఉంది. ఖాళీ ఉయ్యాల ఊపితే మా వాళ్ళు ఎంత అపశకునంగా చూస్తారో చెప్పనక్కర్లేదు. కిర్రుమనే చప్పుడు విని అత్తగారు బిడ్డతో గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ చూపు తాడు వెంట జారి అక్క కాలి దగ్గర ఆగింది. ఆవిడ మామగారి చెవిన ఒక్క మాట వేస్తే అంతటితో సరి.

ఆవిడ బిడ్డను నా ఒళ్ళో పెట్టి, వంటింట్లోంచి పచ్చళ్ళు నూరే గుండురాయి మోసుకొచ్చి ఉయ్యాలలో పడుకోబెట్టారు. ఆచారం ప్రకారం బారసాలనాడు బిడ్డకంటే ముందు ఉయ్యాలలో వేసింది ఆ రాయినే.

"ఉత్త ఉయ్యాల ఊపితే బిడ్డకి కడుపు నొస్తాదమ్మా. ఈ బరువు చాలకుంటే చెప్పు, ఇంకోటి ఉండాది. మీ మామ అడిగితే దిష్టికని చెప్తాలే."

చెప్పి, తలుపు మళ్ళీ మూసేశారు. గడువు తీరేదాకా అక్క ఆ గుమ్మం దాటలేదు. భర్తకి ఎదురు చెప్పే ధైర్యం ఆవిడకి ఏనాడూ రాలేదు.

అక్క ఆ జట్టులో ఎంపికైంది, ఆ తర్వాత చాలా ఏళ్ళు పరిగెత్తింది. నాకూ వయసు మీద పడుతోంది. ఎవరి కష్టమో చూసి "మన చేతుల్లో ఏముందిలే" అనే మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఆ అత్తగారి చేతుల్లో మాత్రం ఏముందని?