రోడ్డుకు కట్టిన చీర

బండ్లోపల్లి తిప్పన్న ముప్పై ఏళ్లు వచ్చేదాకా తన మానాన తాను హాయిగా బతికాడు. నల్లమాడ బస్సు దారికి రెండు మైళ్ల లోపల, ఎర్రమట్టి గుట్టల మధ్య ఉన్న పల్లె వాళ్లది. వాన పడితే శెనక్కాయ వేసేవాడు. పడకపోతే రచ్చకట్ట మీద కూర్చుని మబ్బుల్ని తిట్టేవాడు. పొద్దు గుంకాక రాగిసంగటిలో ఊరుబిండి నంజుకుంటూ భార్య నల్లమ్మకు పనికిమాలిన కబుర్లు చెప్పేవాడు. నల్లమ్మ నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. ఆ సొట్ట చూడటానికే సగం అబద్ధాలు కల్పించేవాడు. జీవితానికి అర్థమేమిటని ఏనాడూ అడగలేదు. అలా అడుగుతారని కూడా పాపం అతనికి తెలియదు.

ఇంత సుఖంగా ఉన్న మనిషిని ఒక ఉపన్యాసం చెడగొట్టింది. యాభై ఆరులోనో ఏడులోనో విత్తనాల కోసం నల్లమాడ వెళితే, అక్కడ పందిట్లో ఖద్దరు చొక్కా పెద్దమనిషి ఒకాయన బల్ల గుద్ది చెబుతున్నాడు. "తన సుఖం కోసం బతికేవాడు పశువు! పదిమంది కోసం బతికేవాడే మనిషి!" జనం చప్పట్లు కొట్టారు, పోసిన మజ్జిగ తాగారు, ఎవరి సంతకు వాళ్లు పోయారు. ఉపన్యాసాలతో వచ్చే చిక్కేమిటంటే, అంతమందిలో ఎక్కడో ఒకడు నమ్మేస్తాడు. ఆ రోజు నమ్మినవాడు తిప్పన్న.

"ఏమే, ఇన్నాళ్లూ మనం పశువుల మాదిరి బతికినాం," అన్నాడు ఇంటికి రాగానే.

"పశువులకు మేత లేక అల్లాడతాండాయి. మనకేమి తక్కువైంది? కాళ్లు కడుక్కోని సంగటి తిను," అంది నల్లమ్మ.

సంగటి తిన్నాడు గానీ కబుర్లు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కబుర్లు బందయ్యాయి.

పదిమంది కోసం బతుకుదామని బయలుదేరాడు, సరే. ఆ పదిమంది దొరకాలి కదా! పెద్దవాళ్లకు చదువు చెప్పిస్తానని బడి పెట్టిస్తే, పలకలు పట్టుకున్నవాళ్లు పలకల మీదే తలపెట్టి నిద్రపోయారు. పెంటదిబ్బలు ఊరి బయట గుంతల్లో వేయాలని ఇంటింటికీ తిరిగితే, గొర్రెల ఎర్రప్ప ఆ గుంతలో పడి కాలు బెణికించుకుని వారం రోజులు తిప్పన్న వంశాన్ని వాకిట్లో నిలబెట్టి తిట్టాడు. తిప్పన్న అదంతా ఓర్చుకున్నాడు. సేవ చేసేవాడికి తిట్లు తప్పవని ఎవరో చెప్పారట.

అప్పుడు ఊళ్లోకి శ్రమదానం అనే మాట దిగింది. మన పారతో, మన గంపతో, మన మట్టిని మనమే మోస్తే, పక్కన నిలబడి ఫోటో మాత్రం సర్కారు తీసుకునే ఏర్పాటు అది. ఊరి నుంచి బస్సు దారి దాకా రోడ్డు వేయాలని సర్పంచి శ్రీరంగప్ప తీర్మానించాడు. మొదటి రోజు ఊరంతా వచ్చింది. రెండో రోజు సగం ఊరు వచ్చింది. ఆ తర్వాత తిప్పన్న వచ్చాడు. అప్పుడప్పుడూ జాలిపడి ఎవరో ఒకరు వచ్చి కాసేపు గంప పట్టేవాళ్లు. శ్రీరంగప్ప మటుకు రోజూ వచ్చి, గొడుగు కింద నిలబడి, "శభాష్ తిప్పన్నా" అని ఆ మాట దానం చేసి వెళ్లేవాడు.

ఈ సందడిలో నల్లమ్మ మొక్కు ఒకటి మరుగున పడింది. ఆ ఉపన్యాసానికి కొద్ది నెలల ముందు తిప్పన్న విషజ్వరంతో మంచం పట్టాడు. అతను లేస్తే ఇద్దరం కలిసి వచ్చి రథం మీద మిరియాలు, దవనం చల్లుతామని కదిరి నరసింహస్వామికి ఆమె మొక్కుకుంది. అతను లేచాడు. ఆమె ఎర్రచీర ఒకటి కొనుక్కుని, కట్టకుండా, తేరు రోజు కోసం పెట్టెలో దాచింది. ఆ పైన ప్రతి ఫాల్గుణంలోనూ ఆమె అడగడం, "వచ్చే యేడు పోదాంలే, ఊరి పనుండాది" అని అతను అనడం మామూలైపోయింది. స్వామి ఏమీ అనుకోలేదు గానీ నల్లమ్మ అనుకుంది. ఆమెకు తేరు ముఖ్యమే. అంతకన్నా, ఆ ఒక్క పూట మొగుడు ఊరినంతా వదిలి తన పక్కన నడవడం ముఖ్యం.

చివరికి రోడ్డు పూర్తయింది. తెరవడానికి బ్లాకు ఆఫీసరు స్వయంగా వస్తాడని శ్రీరంగప్ప కబురు తెచ్చాడు. ఆ వచ్చేది సరిగ్గా కదిరి తేరు రోజు.

ఇక్కడే తిప్పన్న బుర్ర పనిచేసింది. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టకుండా ఎద్దుల్ని కడతామా? మరి పెద్దలు తెరవకుండా రోడ్డు మీద కాలు పెట్టవచ్చా? రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప వేశాడు. మనిషిని గానీ గొర్రెను గానీ ఎక్కనివ్వలేదు. ఆఫీసరు వచ్చేదాకా ఊరు ఊరంతా ఆ చక్కటి రోడ్డును చూసుకుంటూ, దాని పక్కనున్న ముళ్లదారిలో నడిచింది.

ఆఫీసరు కత్తిరించడానికి ఎర్రటి పట్టీ కావాలని ముందు రోజు సాయంత్రం ఎవరికో గుర్తొచ్చింది. ఊళ్లో వెతికితే ఎర్రగుడ్డ ఒక్కచోటే ఉంది. నల్లమ్మ నీళ్లకు పోయినప్పుడు తిప్పన్న పెట్టె తెరిచాడు.

తెల్లవారి ఆడవాళ్లు తేరుకు బయలుదేరుతూ వాకిట్లో కేకేస్తే, నల్లమ్మ పెట్టె తెరిచి చూసింది. తరువాత నేరుగా ఊరి మొదటికి నడిచింది. కంప తీసేసిన చోట రెండు గుంజలు పాతి ఉన్నాయి. వాటి మధ్య ఆమె చీర పేలికలా మెలితిరిగి గాలికి ఊగుతోంది. తిప్పన్న ఉతికిన పంచె కట్టుకుని పక్కన కాపలా ఉన్నాడు.

"ఏమబ్బా, ఇది నా చీర గదా?"

"గట్టిగా అరవద్దు. ఊరి కోసం గదా! పదిమంది పని."

"ఆ పదిమందిలో నన్ను ఎప్పుడన్నా లెక్కపెట్టినావా?"

ఇన్నేళ్ల సేవలో ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఉపన్యాసంలో కూడా రాలేదు.

నల్లమ్మ చీర ముడులు విప్పింది. కట్టుకున్న పాతచీర మీదే ఎర్రచీర చుట్టుకుంది.

"ఆఫీసరు వస్తాడే! దేన్ని కత్తిరించేది?" అని గోలపెట్టాడు తిప్పన్న.

"నువ్వు చేతులు చాపి నిలబడు. నిన్నే కత్తిరించి పోతాడు."

ఆమె రోడ్డెక్కింది. వెనకాలే ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, చివర గొర్రెలతో ఎర్రప్ప కూడా ఎక్కేశాడు. అంత కష్టపడి వేసిన రోడ్డు మీద అంతమంది నడుస్తుంటే చూసి సంతోషించాల్సింది పోయి, తిప్పన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పొద్దంతా ఎండలో గుంజల మధ్య నిలబడ్డాడు. దూరంగా లారీ చప్పుడైతే జీపేమోననుకుని ఒకసారి నిజంగానే చేతులు చాపాడు కూడా. అదృష్టం కొద్దీ ఎవరూ చూడలేదు.

సందకాడ జనం తిరిగొచ్చారు. ఆఫీసరు ఎందుకు రాలేదో వాళ్లే చెప్పారు. తేరు దగ్గర పెళ్లాం బిడ్డలతో కలిసి బెండు బత్తాసులు కొంటుంటే శ్రీరంగప్పే చూసి దండం పెట్టాడట. తిప్పన్న ఆ గుంజల మొదట్లో కూలబడ్డాడు. నల్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"రోడ్డు ఎట్లుండాది?" అన్నాడు తిప్పన్న.

"నడిచేకి బాగుండాది. తోడుంటే ఇంకా బాగుండు." కొంగుముడి చూపించింది. "నా వంతు చల్లినా. నీ వంతు మిరియాలు ఈడనే ఉండాయి. మొక్కు ఇద్దరిదీ గదా."

పొరుగింటివాళ్లు విన్నారో లేదో గానీ, చాలా ఏళ్లకు ఆ రోజు ఆ ఇంట్లో కబుర్లు వినబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కదిరికి బయలుదేరారు. తేరు నిలబడ్డ చోట చల్లినా స్వామి కాదనడని తిప్పన్నే అన్నాడు. కొత్త రోడ్డు మీద సగం దూరం పోయారో లేదో, ఎదురుగా దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లో ఆఫీసరు, వెనక ఫోటోలాయన, ఆయన ఒళ్లో బంతిపూల దండ.

"ఏమప్పా, బండ్లోపల్లికి దారి ఇదేనా? ఈ రోడ్డు వేసిన తిప్పన్న ఎక్కడుంటాడు? ఆయనకు దండ వేసి ఫోటో తీయాలి, పేపర్లో వస్తుంది," అన్నాడు ఆఫీసరు.

తిప్పన్న దండ వైపు చూశాడు. బాగా ఒత్తుగా కట్టిన దండ. చూడలేదంటే అబద్ధమే అవుతుంది. నల్లమ్మ కొంగుముడి మీద చెయ్యి బిగించి, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"తిప్పన్నా? వాడు ఊర్లో లేడు సార్," అన్నాడు. "పెండ్లాన్ని తోడుకోని కదిరికి పోయినాడు."

"చూశావా," అన్నాడు ఆఫీసరు ఫోటోలాయనతో. "బాధ్యత తెలియని మనుషులు. ఎంతసేపూ వాళ్ల సుఖమే."

"అవును సార్. పశువు," అన్నాడు తిప్పన్న.

జీపు ఊరి వైపు పోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరూ పక్కకు నిలబడ్డారు. తర్వాత అతను భార్య ముఖంలోకి చూస్తే, ఎడమ బుగ్గ మీద సొట్ట పడి ఉంది.