మా మావయ్య ప్రధాని అయిన దేశం

విజయవాడలో పోటీ పరీక్షలకు వెళ్లే పిల్లలకు నేను జనరల్ నాలెడ్జి చెబుతాను. ప్రతి నెలా ఒక చిన్న పుస్తకం వేస్తాను. ఏ దేశానికి ఎవరు ప్రధాని, అక్కడి డబ్బు పేరేమిటి, మన రూపాయల్లో దాని విలువెంత, అన్నీ అందులో ఉంటాయి. మారకం రేటు రోజూ కదులుతుంది. కొన్ని దేశాల్లో ప్రధానులు అంతకంటే వేగంగా కదులుతారు.

ఇంత తిప్పలు పడి వేస్తే, మా వీధి చివర ఇంకో కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారు అట్ట మార్చి దాన్నే తన పేరుతో అమ్మేవారు. నా అచ్చుతప్పులు కూడా వదిలేవారు కాదు. అడిగితే, "ప్రపంచం అందరికీ ఒకటేనండీ. మీకో ప్రధాని, నాకో ప్రధాని ఉంటారా?" అన్నారు.

ఆ నెల నేనొక దేశాన్ని పుట్టించాను. పసిఫిక్ సముద్రంలో చిన్న దీవి. ఉయ్యూరులో చెరకు వేసే మా మావయ్య పేరును చివరి అక్షరం నుంచి మొదటికి రాసి, ఆయన్ని అక్కడ ప్రధానిని చేశాను. వాళ్ల నాణెం మన రూపాయల్లో పదకొండున్నర అన్నాను. మా క్లాసులో పిల్లల చేత మాత్రం ఆ వరస కొట్టేయించాను.

పది రోజుల్లో మాస్టారి పుస్తకం వచ్చింది. అందులో మావయ్య దర్జాగా ఉన్నాడు. మరుసటి నెల మాస్టారు సొంతంగా రేటు కూడా సవరించారు: పదకొండు రూపాయల డెబ్బై పైసలు! మావయ్య పాలనలో దేశం బాగుపడుతోందన్నమాట. నేను నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాను.

ఈ సంగతి మావయ్యకు ఫోన్లో చెప్పడమే నా తప్పు. మర్నాడే పొలం మోటారు సామాను కొనాలంటూ విజయవాడ వన్ టౌన్ వచ్చి, అట్నుంచి అటే మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

"మీ పుస్తకంలో ఉన్న ప్రధానిని నేనేనండీ," అంటూ ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాడట. "ఆయన పేరు ఒక్కసారి వెనకనుంచి చదవండి. మా రేటు పెంచారుగా, థాంక్స్ చెప్పి పోదామని వచ్చా."

మాస్టారు పుస్తకం చూసి, కార్డు చూసి, "కాఫీ తాగుతారాండీ?" అన్నారట.

"పాపం రా, మొహం చిన్నబుచ్చుకున్నాడు. నువ్వెళ్లి ఓ మాట మాట్లాడు," అన్నాడు మావయ్య నా దగ్గరికొచ్చి.

నేను వెళ్లలేదు. ఎదురుపడాలంటే నాకే సిగ్గేసింది. కాపీ కొట్టడం మాత్రం ఆగిపోయింది.

రెండు నెలల తరవాత మాస్టారే ఫోన్ చేశారు. "మీ పన్నెండో పేజీలో ఒక ప్రధాని రాజీనామా చేసి మూడు వారాలైందండీ. పిల్లలు పరీక్షకి వెళ్తున్నారు కదా, చెప్తే మంచిదని."

చూసుకుంటే నిజమే. చెవులు వేడెక్కాయి.

"రేట్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయిలెండి," అని ఆయనే ఊరడించారు.

ఇప్పుడు అచ్చుకు ఇచ్చేముందు ఒక కాపీ ఆయనకు పంపుతున్నాను. ఎర్ర సిరాతో దిద్ది పంపుతారు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువే దిద్దుతారు.