ఉంగరాల జుట్టుతో సింహాచలం

భీమిలి నుంచి సింహాచలం వెళ్ళదలచినవాళ్ళు పొద్దున్న అయిదూ నలభై బస్సు పట్టుకోవడం మంచిది. ఆరూ పది బస్సులో చేపల గంపలు ఎక్కుతాయి, వాటితోపాటు మా బంధువులు కూడా ఎక్కుతారు. గంపల వాసన పట్నం చేరేలోపు అలవాటైపోతుంది గానీ బంధువుల ప్రశ్నలు అలవాటు కావు. అందుకే అమ్మా నేనూ మొదటి బస్సుకే బయలుదేరాం. టిక్కెట్టు ఎంతో రాయను, మీరు వెళ్ళేసరికి ఎలాగూ పెరుగుతుంది.

ప్రయాణం దేనికంటే, నా జుట్టు దేవుడికివ్వడానికి. ఇందులో వింతేమీ లేదు. మా జిల్లాలో సగం తలలు ఏదో ఒక ఏడు అప్పన్న కొండ మీద నున్నగా అయినవే. అయితే నా సంగతిలో కొంచెం చిక్కుంది. రెండేళ్ళ క్రితం, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మెడ పక్కన గడ్డలు లేచాయి. హార్బరు దగ్గర ఓడ సరుకులు విడిపించే ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇక్కడి డాక్టరు మద్రాసు వెళ్ళమన్నాడు. మద్రాసు డాక్టరు క్యాన్సర్ అన్నాడు. ఆ మాట వినగానే అమ్మ ఆసుపత్రి వరండాలోనే ఉత్తరం వైపు తిరిగి, కొడుకు బతికితే వాడి తలనీలాలు ఇస్తానని సింహాద్రి అప్పన్నకి మొక్కేసింది.

మందులెక్కించడం మొదలుపెట్టిన మూడు వారాలకి జుట్టంతా తలగడ మీదకి వచ్చేసింది. దేవుడి పేరు మీద ఉన్న జుట్టుని ఊడ్చే మనిషి చీపురుతో పోగుచేసి పట్టుకుపోతుంటే, అమ్మ వెనకాలే పరుగెత్తి గుప్పెడు తెచ్చుకుని పాత చీర ముక్కలో మూటగట్టింది.

ఆరు నెలలకి మేం ఇల్లు చేరాక ఆ మూట మీద మా పేటలో పంచాయితీ జరిగింది. రాలిన జుట్టు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? పేట పెద్ద ఎర్రయ్య తాత చుట్ట ఆర్పి మరీ తీర్పు చెప్పాడు.

"రాలిపోయింది ఇచ్చినట్టు కాదు. కత్తి తగలాల. మళ్ళీ బాగా మొలిసినాక ఎల్లండి."

జుట్టు మొలిచింది. వెనకటి కొబ్బరిపీచు జుట్టు కాదు. నల్లగా, ఒత్తుగా, ఉంగరాలు ఉంగరాలుగా మొలిచింది. క్యాన్సర్ నా దగ్గర్నించి పట్టుకుపోయినవి చాలా ఉన్నాయి. పదిహేను కిలోల బరువు, కుదరబోయిన ఒక సంబంధం, ఇద్దరు స్నేహితులు. తిరిగి ఇచ్చింది ఈ జుట్టొక్కటే. అది నాకు చాలా ఇష్టం, ఇవ్వాలని లేదు. ఇవ్వకపోతే జబ్బు తిరిగొస్తుందని అమ్మ భయం. వచ్చే సోమవారం మద్రాసులో మళ్ళీ పరీక్షలు. ఆలోపల మొక్కు తీరాలని పట్టుబట్టి నన్ను బస్సెక్కించింది.

ఏడుం పావుకి పట్నం చేరాం. బస్టాండులో ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ గట్టిది, చట్నీ పలచనిది, రెండూ కలిసి సర్దుకుపోయాయి. అమ్మ ఉపవాసం. ఏడూ నలభైకి సింహాచలం బస్సు దొరికింది. నా పక్కన కూర్చున్నాయన ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో వెల్డరు. దారిలో దిగి కూర్మన్నపాలెం బస్సు మారతానన్నాడు. బస్సు కదిలిన దగ్గర్నించి నా తలకేసే చూస్తున్నాడు.

"బావా, ఈ రింగులు ఏ షాపులో సేయించినావు? మద్రాసేటి?"

"మద్రాసే," అన్నాను.

"సూడగానే అనుకున్నాను. సానా టైము పట్టుంతాదే?"

"ఆరు నెలలు పట్టింది."

"ఆరు నెల్లే! అంత ఓపిక మనకి నేదు బావా," అని తన క్రాఫు సవరించుకుంటూ దిగిపోయాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మద్రాసు పేరు విని ఆమె నవ్వడం అదే మొదలు.

అలా మాట్లాడేవాళ్ళంటే నాకు ఇష్టం. సంగతి తెలిసినవాళ్ళతోనే ఇబ్బంది. క్యాన్సర్ వచ్చి చచ్చిపోతే ఏం చెయ్యాలో మనవాళ్ళందరికీ తెలుసు. బతికొస్తేనే పాలుపోదు. నేను తిరిగి ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసులో నా మంచినీళ్ళ గ్లాసు కిటికీలోకి మారింది. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపిస్తే, మా హెడ్ గుమాస్తా ఆ కాగితాన్నే రెండు వేళ్ళతో పట్టుకుని చదివాడు. ఆయన మంచివాడే. సాయంత్రం దాకా నన్ను చూసి నిట్టూరుస్తూనే ఉంటాడు.

ఎనిమిదిన్నరకి కొండ కింద దిగాం. అమ్మ మెట్లెక్కుదామంది. మొక్కులో మెట్ల ప్రస్తావన లేదని గుర్తుచేసి కొండ బస్సెక్కించాను. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎడం వైపు కూర్చోకండి, మలుపుల్లో లోయ కనిపించి దేవుడు ముందుగానే గుర్తొస్తాడు. పైన తలనీలాల టిక్కెట్టుకి వరసలో అరగంట నిలబడ్డాం. తొమ్మిదీ నలభైకి నా వంతు వచ్చింది.

తడి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చుట్టూ పసిపిల్లల ఏడుపులు. క్షురకుడు పెద్దమనిషి, చెంబుడు నీళ్ళు నా నెత్తిన పోసి వేళ్ళతో తడిమాడు.

"మంచి జుట్టు బాబూ. సామి అదృష్టవంతుడు. తల వంచండి."

వంచాను. చన్నీళ్ళు మెడ మీదకి, ఆ గడ్డలుండే చోటికి కారాయి. కత్తి బ్లేడు మార్చిన చప్పుడు వినపడింది. లేచి నిలబడిపోయాను.

"నాను ఇవ్వనమ్మా."

"ఏట్రా?"

"సోమారం ఆ వార్డులోకి మళ్ళీ బోడితలతో ఎల్లలేనమ్మా. అద్దంలో ఆ మొగం మళ్ళీ సూడలేను."

అమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. నలుగురూ వినకుండా దగ్గరికొచ్చి, "మరి అది మళ్ళీ వత్తే ఏటి సేత్తాను నాను?" అంది.

అది మద్రాసు డాక్టర్లకీ తెలియదు, వాళ్ళు తెలియదని ఇంగ్లీషులో అంటారు, అంతే తేడా. టిక్కెట్టు ఆమె చేతిలో పెట్టి బయటికొచ్చేశాను.

ఎదురుగా ఉన్న కొట్లో కాఫీ తాగాను. నీళ్ళు కారుతున్న తలతో, ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి, జుట్టు కోసం తల్లిని వదిలి పారిపోయి వచ్చినందుకు సిగ్గేసింది. రెండో కాఫీ కూడా తాగాను, సిగ్గు తగ్గలేదు. సరే, మళ్ళీ మొలుస్తుంది కదా, ఇచ్చేద్దామనుకుని లోపలికి వెళ్ళాను.

నేను లేచిన చోటే అమ్మ కూర్చుని ఉంది. అప్పటికే సగం తల అయిపోయింది. నడుం దాటే జడ ఆమెది. నలభై మూడేళ్ళొచ్చినా ఒక్క తెల్ల వెంట్రుక లేదని, చేపల వేటకెళ్ళే మా నాన్న పడవలో అందరికీ చెప్పుకుంటాడు. ఆ జడ గచ్చు మీద తడిసి పడి ఉంది.

"ఇదేంటండీ, టిక్కెట్టు నాది కదా," అన్నాను క్షురకుడితో.

"టిక్కెట్టు మీద పేరుండదు బాబూ. తలుంటే సాలు," అన్నాడు చెయ్యి ఆపకుండా.

"అమ్మా, లెగు. నానే ఇత్తాను."

"కూకో పక్కన. ఒక మొక్కుకి రెండు తలలేటి?" అంది అమ్మ తల ఎత్తకుండానే. "మొక్కింది నాను. నీ జుట్టు ఇత్తానని సెప్పడానికి నానెవర్తిని? నోరు నాది, తల నాది. మీ నాయినతో నాను మాటాడుకుంతాను."

నేను పక్కన కూర్చుని ఏడ్చాను. అక్కడ అందరూ ఏడుస్తూనే ఉంటారు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఏడుస్తున్నవాళ్ళలో రెండేళ్ళు దాటినవాణ్ణి నేనొక్కణ్ణే.

పన్నెండింటికి దర్శనమైంది. ఏడాది పొడుగునా ఒళ్ళంతా చందనం కప్పుకుని ఉండే స్వామికి భక్తుల తలలు మాత్రం నున్నగా కావాలి. ఆ మాట పైకనలేదు, ఎందుకంటే అమ్మ చేతులు జోడించి, పెదవులు కదుపుతూ, నేనెన్నడూ చూడనంత ధైర్యంగా ఆయన ముందు నిలబడి ఉంది. ప్రసాదం పులిహోర బాగుంది. కారం ఎక్కువ, మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి.

రెండూ పదికి కొండ దిగి, మూడున్నరకి పట్నంలో భీమిలి బస్సెక్కాం. ఇసకేస్తే రాలని జనం. కండక్టరు గట్టిగా అరిచాడు.

"ఆ ముసలమ్మకి కాస్త సీటియ్యండయ్యా!"

పొద్దున్న ఇదే ఊళ్ళో ఆమె నాకు అక్క అవుతుందా అని అడిగినవాళ్ళున్నారు. సీటు దొరికింది కాబట్టి అమ్మ ముసలమ్మగానే వెళ్ళి కూర్చుంది. నాకూ చోటు చేసింది. ముందు సీట్లో, చేపలమ్ముకుని ఖాళీ గంపతో తిరిగి వెళుతున్న ఒకావిడ వెనక్కి తిరిగింది.

"ఒంట్లో బాగోదేటప్పా? మొగం పీక్కుపోనాది. ఏటి జబ్బు?"

"జబ్బేటీ నేదమ్మా," అంది అమ్మ.

ఆవిడ నన్నూ నా జుట్టునీ ఎగాదిగా చూసింది. "ఈడు నీ కొడుకా? ఓలమ్మ! తల్లిని అలాగొగ్గేసి, ఈడు సూడు ఎంత సోకు సేసుకున్నాడో!"

బస్సులో చాలామంది తలలాడించారు. నాకు జబ్బు చేసినప్పుడు ఇంతమంది ఒక్క మాట మీద నిలబడలేదు. ఆవిడన్నది నిజమే అనిపించింది.

సముద్రం కనబడ్డాక గాలి మొదలైంది. నా జుట్టు కళ్ళల్లో పడుతుంటే అమ్మ చెయ్యెత్తి వెనక్కి దువ్వింది. దువ్వి, వేళ్ళు అక్కడే ఉంచేసింది. ఒక్కో ఉంగరాన్నీ లాగి వదులుతూ, "ఎంత మెత్తగున్నాదిరా!" అంది.

అప్పుడు తట్టింది నాకు. మద్రాసు నుంచి వచ్చాక ఆమె ఒక్కసారి కూడా నా తల ముట్టుకోలేదు. నూనె గిన్నె నా ముందు పెట్టి వెళ్ళిపోయేది. జబ్బు మనిషినని జంకేమోనని లోపల్లోపల నొచ్చుకున్నాను కూడా. ఎందుకమ్మా అని అడిగితే ఆశ్చర్యంగా చూసింది.

"అప్పన్న సొత్తు కదేటి? నానెలాగ ముట్టుకుంతాను?"

ఈ యాత్ర చెయ్యదలచినవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. మొక్కు తీరితే జబ్బు రాదా అంటే తెలియదు. సోమవారం మద్రాసులో ఏమంటారో తెలియదు, తలుచుకుంటే భయంగానే ఉంది. భీమిలి చేరేదాకా అమ్మ నా తల మీంచి చెయ్యి తియ్యలేదు.