నన్నడగకుండా మార్చిన ఇంజిన్

నేను ఊళ్ళో లేని సమయం చూసి, నన్నొక్క మాట అడగకుండా, ఓబన్న తన కారు ఇంజిన్‌ను ఊడదీయించి దాని చోట డీజిల్ ఇంజిన్ బిగించాడు. అది అన్యాయం. నలభై ఏళ్ళు దాటిపోయినా నాకది అన్యాయంగానే కనబడుతుంది. వయసు పైబడితే కోపాలు చల్లారతాయంటారు. ఆ వయసు నాకింకా రాలేదేమో.

ఈ పొద్దున కరెంటు పోయి, ఎదురు బట్టలకొట్టువాళ్ళు జనరేటరు వేశారు. మా కిటికీ చువ్వలు సన్నగా వణకడం మొదలుపెట్టాయి. చువ్వ పట్టుకుని నిలబడి ఉన్నాను, ఆ వణుకు అరచేతిలోంచి మణికట్టులోకి పాకింది. వెనకే డీజిల్ పొగ వచ్చింది. ఆ యంత్రంలో ఒక సిలిండరు మిగతావాటితో అడుగు కలపడం లేదని అర్థమైంది. నావి డెబ్భై ఏళ్ళ చెవులు, వాటిని నేను నమ్మను. నాకు చెప్పింది చెయ్యి. ఓబన్న దగ్గర పని చేసి ఉండకపోతే నా చేతికి ఇది తెలిసేది కాదు. ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఓబన్నది రాయచోటి. కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. అప్పటికి మా ఊళ్ళో బాడుగకు తిరిగే కారు ఆయనదొక్కటే. ఏ దొరో వదిలిపోయిన పాత అమెరికా బండి. ముందు భాగం గిత్త మూపురంలా ఎత్తుగా ఉండేది. పెళ్ళికొడుకులకూ, కోర్టు వాయిదాల వాళ్ళకూ, కడప ఆసుపత్రికి పోవలసిన కాన్పు మనుషులకూ అదే దిక్కు. నేను అప్పుడు ఎద్దులబండి తోలేవాణ్ణి. ఒకరోజు దారి పక్కన ఓబన్న టైరు మారుస్తుంటే నేను బండితో అటు పోతున్నాను, నా వెనక ఇంకొకరి బండి వస్తోంది. తల తిప్పకుండానే అన్నాను, "రామప్పా, నీ ఎలపట ఎద్దుకు లాడం వదులైండాది, చూసుకో." ఓబన్న పని ఆపి పైకి చూశాడు.

"చూడకుండా ఎట్ల చెప్తివప్పా?"

"ఆ కాలు పడేటప్పుడు చప్పుడు రెండు ముక్కలుగా వస్తాంది గదన్నా."

"నా కాడికి రా. చప్పుడు తెలిసినోనికి స్టీరింగు తెలిసేదానికి ఎంతసేపు?"

అట్లా చేరాను. ఆయన కారును చెవితో నడిపేవాడు. గేరు ఎప్పుడు మార్చాలో, నీళ్ళు ఎప్పుడు మరుగుతాయో, ఏ వాల్వు అలిగిందో అన్నీ చప్పుడే చెబుతుందనేవాడు. కడప నుంచి తిరిగొచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి. ఓబన్న కారులో ఆ ఘాటు ఎక్కినంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. ఇది ఊరందరికీ తెలిసిన కట్టుబాటు. చాలామంది అది వీరభద్రస్వామి మొక్కు అనుకునేవాళ్ళు. పిల్లల నోట్లో బెల్లం ముక్క పెట్టి మరీ ఊరుకోబెట్టేవాళ్ళు. ఒకసారి ఒక ప్లీడరు ఘాటు మొదట్లో ఏదో దావా సంగతి ఎత్తుకుని ఆపలేదు. ఓబన్న కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందప్పా?" అన్నాడు ప్లీడరు.

"ఏం లేదు సామీ. మీ వాదన అయిపోతే బండి వాదన మొదలుపెడ్తాది. ఒకరి తర్వాత ఒకరు."

ప్లీడరు నవ్వి మూతి మీద తుండుగుడ్డ కప్పుకున్నాడు. కొండ మీదికి చేరేదాకా తీయలేదు. ఆ నిశ్శబ్దంలో ఆరు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి గొంతు కలుపుతుంటే నాకు గుడిలో కూర్చున్నట్టు ఉండేది. ఎప్పుడు రెండో గేరులోకి రావాలో నేను మనసులో అనుకునే క్షణానికే ఓబన్న చెయ్యి కదిలేది. గురువూ శిష్యుడూ అంటే ఇదే అనుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం ఆ లెక్క తప్పింది. కడపలో కాన్పయిన ఒక పిల్లనూ, ఒళ్ళో పసిగుడ్డునూ, వాళ్ళమ్మనూ ఎక్కించుకుని వస్తున్నాం. ఓబన్న నడుపుతున్నాడు, నేను పక్కన ఉన్నాను. పెద్ద మలుపు దగ్గర ఇంజిన్‌లో గింజలు వేయించినట్టు చిటపట మొదలైంది. గేరు దించాలి. ఆయన దించలేదు. కట్టుబాటు కాదని తెలిసీ, "గేరన్నా" అన్నాను. పలకలేదు. ఇంజిన్ దగ్గి, ఆగిపోయి, కారు వెనక్కి జారింది. నేను తలుపు తీసుకుని దూకి, చేతికందిన బండరాయి వెనక చక్రం కింద తోశాను. ఆ రాయి పక్కనుంచి లోయ కనబడుతోంది. పసిగుడ్డు నిద్ర కూడా చెదరలేదు. దాని అమ్మమ్మ మాత్రం, "కట్టుబాటు ఇంక సాలు నాయనా, నేను అరస్తా" అని ఏడుపూ నవ్వూ కలిపి అంది. ఓబన్న ముఖం సున్నం కొట్టినట్టయింది. నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంజిన్ ముసలిదైపోయిందని ఇద్దరికీ తెలిసింది. దాన్నే బాగుచేసుకోవాలా, మార్చాలా అన్నదే ప్రశ్న. నేను బడిలో మూడో తరగతి దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు నూనె డబ్బాల మీద నేర్చుకుని, పాతకాగితాల కొట్లో దొరికిన మోటారు పుస్తకాలు డిక్షనరీ పెట్టుకుని చదివేవాణ్ణి. కమ్మరి కొలిమికి తిత్తి ఊదినట్టు ఇంజిన్‌లోకి గాలిని దట్టించే బ్లోయరు ఒకటి ఉంటుందని, దానితో పాత ఇంజినే కొత్త బలంతో కొండెక్కుతుందని అందులో ఉంది. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన సామాన్లలో అది మద్రాసులో దొరుకుతుందని విచారించి పెట్టుకున్నాను. కడపలో మస్తానన్న షెడ్డుకు పోయాం. మస్తానన్న ఫిట్టరు. అక్కడొక లారీ డీజిల్ ఇంజిన్ నేల అదిరేటట్టు ఆడుతోంది.

"పాత కుండను పెద్ద మంట మీద పెడితే ఏమైతాదప్పా?" అన్నాడు మస్తానన్న. "అన్నం ఉడుకుతాది, కాదన్ను. రెండో పూటకు కుండ ఉండాదా అనేది చూసుకో. డీజిలు ఏసేయ్ ఓబన్నా. ఎనుబోతు మాదిరి. ఉరకదు, నిలబడదు."

"కాన్పయిన ఆడమనిషిని ఎనుబోతు మీద ఎక్కిస్తామా మస్తానన్నా?" అన్నాను. "సిలిండర్లకు బోరు చేయించి, కొత్త పిస్టన్లు ఏసి, బ్లోయరు పెడదాం. కుండకు అడుగు గట్టిగానే ఉండాది."

"పుస్తకంలో ఉండాదా ఆ ముక్క?"

"నీ నోట్లో లేదు గాబట్టి పుస్తకంలో ఎతుక్కుంటి."

ఓబన్న మా ఇద్దరి నోళ్ళకేసి మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి, "పెంచలయ్య చెప్పేది నాయంగానే ఉండాది" అన్నాడు. ఆ మాట నేనింకా మర్చిపోలేదు. అని, ఆడుతున్న ఆ డీజిల్ ఇంజిన్ దగ్గరికి పోయి, దాని పైన అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. వేడికి చెయ్యి కాలుతుందని మస్తానన్న లాగేదాకా తీయలేదు.

ఆ వారమే మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలు. "పోయిరాప్పా, వచ్చినాక మద్రాసు పోదువులే" అని ఓబన్నే పంపించాడు. తిరిగొచ్చి వీధి మొదట్లో అడుగు పెట్టానో లేదో, టకటకమని కొత్త చప్పుడు వినబడింది. పరుగెత్తాను. పాత ఇంజిన్ పెరట్లో గోనెపట్టా కప్పుకుని కూర్చుని ఉంది. ఓబన్న బానెట్ లోకి వంగి ఉన్నాడు. వీపు నాకేసి ఉంది.

"ఎందుకిట్ల చేస్తివన్నా?" అన్నాను. పలకలేదు. "నా మాట నాయమంటివి గదా. ఎందుకిట్ల చేస్తివి?" తల కూడా ఎత్తలేదు. గోడకు చెప్పుకున్నట్టయింది.

ఒక నెల ఓర్చుకున్నాను. కారు వణుకుతూ, పొగ చిమ్ముతూ, మలుపు దగ్గర ఆగకుండా ఎక్కేది. అది ఒప్పుకుంటాను. కానీ నాకు గుచ్చుకున్నది వేరే. ఘాటు మొదట్లో జనం అలవాటుగా నోళ్ళు మూసుకుంటే, ఓబన్నే వెనక్కి తిరిగి, "మాట్లాడుకోండప్పా, ఏం కాదు" అన్నాడు. ఎన్నేళ్ళ కట్టుబాటు, నాకు ఆయన నేర్పిన విద్యంతా ఏ నిశ్శబ్దంలో పుట్టిందో ఆ నిశ్శబ్దం, ఒక్కమాటతో తీసి పారేశాడు. కారులో వాళ్ళంతా నవ్వుకుంటూ పిల్లల బెల్లం తామే తింటున్నారు. ఇంటికొచ్చాక, ఆయన దొడ్డివైపు పోతుంటే వెనకనుంచి మళ్ళీ అడిగాను. నడుచుకుంటూ పోయాడు. మర్నాడు నేను డోన్ పోయి నాపరాళ్ళ లారీ ఎక్కాను. కొత్త యజమాని అడిగితే, ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పలేదు. కానీ లారీ బయల్దేరేముందు క్లీనరును ఊరుకోమని చెప్పి ఒక్క నిమిషం వినేవాణ్ణి. కోపం వచ్చినంతమాత్రాన నేర్చుకున్నది పోదు కదా.

కొన్నేళ్ళకు, ఓబన్న బండి మానేశాడని రాయచోటి మనిషి ఒకడు చెబితే, మనసు ఆగక పోయాను. ఆయన పెరట్లో, గోనెపట్టా తీసిన పాత ఇంజిన్ పక్కన పీట వేసుకుని, దాన్ని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. తుప్పు చుక్క లేదు. వీపు మళ్ళీ నాకేసే ఉంది. పలకరింపు కూడా లేకుండా, గొంతులో ఉన్నది అక్కడే కక్కేశాను. "ఇప్పుడన్నా చెప్పన్నా. నన్నడక్కుండా ఎందుకు మారిస్తివి?"

ఆయన గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. వంటింటి గడపలోంచి ఆయన భార్య లచ్చుమక్క, చేట చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

"ఎనక నిలబడి అడిగితే ఎట్లప్పా? ముందుకు రా. నీ నోరు కనపడాల ఆయప్పకు."

ఆ మాట నాకు తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. మలుపు దగ్గర నేను పిలిచిన పిలుపు, బానెట్ వెనక నా కేకలు, షెడ్డులో మా నోళ్ళకేసి చూసిన చూపు, వేడి ఇంజిన్ మీద పెట్టిన అరచెయ్యి అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. అయినా అన్యాయం అన్న మాట వెనక్కి తీసుకోను. నాకు చెప్పి ఉండవలసింది. చెప్పి ఉంటే నేను ఆ కారులోనే, ఆయన పక్కనే ఉండేవాణ్ణి. ఆ ఏళ్ళు నాకెవరూ తిరిగి ఇవ్వలేదు. ఇప్పటికీ ఏ బస్సులో ఘాటు ఎక్కినా నేను మాట్లాడను. అరికాళ్ళు చెప్పుల్లోంచి తీసి నేలకు ఆనిస్తాను. పక్కవాళ్ళు మొక్కేమో అనుకుంటారు.

ముందుకు పోయి, ఆయన ఎదురుగా గొంతుక్కూచుని, ఒక్కొక్క మాటా పెదాలతో నిదానంగా మళ్ళీ అడిగాను. ఓబన్న నా నోటినే చూసి, గుడ్డ పక్కన పెట్టి, ఇంజిన్ మీద చెయ్యి ఉంచి చెప్పాడు:

"పాతదాన్ని నువ్వు ఇంటాంటివి, నాకు ఇనపడకపాయె. ఆ పొద్దు మలుపులో ఆగిపోయిందని కారు ఎనక్కి జారినాకనే నాకు తెలిసె. స్టీరింగు నీకిచ్చి పక్కన కూచుందామంటే మనసు రాకపాయె. ఆ డీజిలుదైతే కాళ్ళకు ఇనపడ్తాదప్పా. నీకు చెప్తే, చెవిటోని కాడ నేర్చిన చెవి గదా ఇది అని, నీ చెవి మీద నీకే నమ్మకం పోతాదని చెప్పలేదు."