పైపులైనుకు అవతల పెద్దమ్మ

"పెద్దమ్మ తెల్లారి పోయిందన్నా. గుంత యాడ తీయాల్నో నువ్వే వచ్చి చెప్పాల" అని పక్క చేను పిల్లోడు ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురం బస్టాండులో ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది. ఆ గుంత ఎక్కడ తీయకూడదో నాకు తెలుసు.

ఆమె మా పెదనాయన భార్య. పిల్లల్లేరు. తర్లుపాడు దగ్గరి మెట్టచేలో పెదనాయనను పూడ్చి, పైన పలకరాళ్లు పరిచాం. రోజూ మధ్యాహ్నం ఆ రాళ్ల పక్కన సద్ది విప్పుకుని, కందికి పురుగు పడిందనీ, వాన మొహం చాటేసిందనీ ఆయనకు చెప్పేది.

"ఏమంటాడు పెద్దమ్మా?" అని ఆటపట్టించాను ఒకసారి.

"బతికున్నప్పుడు మాత్రం ఏమన్నాడులే" అంది.

ఆయిల్ కంపెనీ పైపులైను మా చేల మీదుగా వచ్చింది. పంట నష్టం మాట్లాడేందుకు అధికారులు బడి వరండాలో కూర్చుంటే, నాతో సహా అందరం రేటు కోసం గొంతు చించుకున్నాం. పెద్దమ్మ వంతు వచ్చింది.

"మా ఆయన్ని కదిలించొద్దు సారూ. మీ గొట్టాన్ని రవ్వంత పక్కకు పోనీ."

"రేటు సంగతేందమ్మా?"

"అందరికిచ్చినట్లే ఇయ్యి. ఈ మాట మాత్రం ఒప్పందంలో రాయి."

ఆ అధికారి మంచివాడు, రాయించాడు. లైను జరిగింది. ఆ సాయంత్రం ఆమె మొహంలో వెలుగు నేను మళ్లీ చూడలేదు.

గొట్టం పూడ్చాక హద్దురాళ్లు నాటారు. రాళ్ల నడుమ పంట వేసుకోవచ్చు గానీ చెట్టు నాటకూడదు, గుంత తీయకూడదు అన్నారు. హద్దురాళ్ల నడుమున్న ఆ పట్టీ సరిగ్గా పెదనాయన పక్కనుంచే మొదలైంది. మిగతా వైపులన్నీ బండ, గడ్డపార దిగదు. పెద్దమ్మ వచ్చి చూసింది.

"ఆయన జాగా అడిగితిని గానీ, నా జాగా అడగడం మర్చిపోతి నాయనా" అని నవ్వింది. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. మళ్లీ పోయి అడుగుదామన్నాను.

"పూడ్చినదాన్ని మళ్లీ తీస్తారా ఏంది. ఊరుకో."

అప్పట్నుంచీ సద్ది పట్టీలోపలే కూర్చుని తినేది. "కూచోవద్దని రాయలేదు గదా" అనేది.

పట్టీ దాటించి, అవతల పూడ్చాం ఆమెను. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. నా మంచిచెడ్డలు అడిగే మనిషి ఇక లేదు.

నిన్న చేనికి పోతే, లైను కాపలా చూస్తూ నడిచే కంపెనీ మనిషి ఎదురయ్యాడు. కొత్త మట్టి చూసి, హద్దురాళ్లు చూసి, "గుంత హద్దుకు బయటే ఉందిలే" అన్నాడు. తర్వాత "ఎవరిదన్నా?" అని అడిగాడు.

ఇటు పెదనాయననూ అటు పెద్దమ్మనూ చూపించాను.

అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఇద్దరి నడుమ నుంచి మెల్లగా నడిచిపోయాడు.