చెయ్యి ఆనకుండా

మా విలువిద్య శాలలో సాధన నేల తుడవడంతో మొదలవుతుంది. గురువుగారి దగ్గర్నుంచి నిన్న చేరినవాళ్ళ దాకా అందరూ తడిగుడ్డ పట్టుకుని, వంగి, ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగెత్తాల్సిందే. ఒకసారి తుడవడం అయ్యాక మాత్రం ఊతం కోసం ఆ నేలకి ఎవరూ చెయ్యి ఆనించరు. నమస్కరించేటప్పుడు వేళ్ళు తాకుతాయి, అది వేరు. మోకాళ్ళ మీద కూర్చున్నా, లేచినా బరువంతా కాళ్ళే మొయ్యాలి. చేతులున్నది విల్లు పట్టడానికి.

ఒకితా కినుకో అక్టోబరులో ఒక సాయంత్రం నేలకి చెయ్యి ఆనించింది. లేవబోయి, ఎడమ మోకాలు సహకరించక, కుడి అరచేయి నేల మీద మోపి లేచింది.

కినుకో బడిపిల్లల భోజనం వండే వంటశాలలో పనిచేస్తుంది. రబ్బరు బూట్లేసుకుని సిమెంటు నేల మీద నిలబడి, తనకంటే పెద్ద గుండిగలు తోమీ తోమీ ఆ మోకాలు అరిగిపోయింది. ఆ సంగతి ఎవరితోనూ అనదు. ఆ రోజు నేలే చెప్పేసింది.

పక్కనే ఉన్న యసుయో ఊరుకోలేదు. ఎండుచేపల కొట్టు నడిపే ఆవిడ, నోరు కాస్త పెద్దది.

"ఏం కినుకో, నేల ఇందాకే తుడిచాం కదా! ఇంకా మరకేమన్నా మిగిలిందా?"

కినుకో చెవులు ఎర్రబడ్డాయి. ఉరబే గురువుగారు మాత్రం నవ్వలేదు. ఎనభై ఏళ్ళావిడ, సన్నగా, నిటారుగా ఉంటుంది. సాధన అయ్యేదాకా ఆగి, వెళ్ళబోతున్న కినుకోని పిలిచింది.

"మోకాలు మాట వినకపోతే నిలబడే బాణం వెయ్యమ్మా. అందులో తప్పేం లేదు. కొత్త సంవత్సరం వరసకి మాత్రం ఇంకొకళ్ళని చూసుకుంటాను."

కినుకో భయపడింది ఆ మాటకే. కొత్త సంవత్సరం నాడు మా శాలలో ముగ్గురు కిమోనోలు కట్టుకుని, ఊరి పెద్దలందరి ముందు, ఒకే గురికి బాణాలు వేస్తారు. ముగ్గురూ కలిసి కూర్చుని, కలిసి లేస్తారు. గురి తగలకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఒకరు ముందూ ఒకరు వెనకా లేస్తే మాత్రం ఏడాదంతా చెప్పుకుంటారు. ఆ వరసలో చోటు కోసం కినుకో జుట్టు నెరిసేదాకా ఎదురుచూసింది. చివరి స్థానంలో ఉండే పెద్దాయన చూపు తగ్గి తప్పుకుంటే, ఆ వేసవిలోనే అది తన చేతికొచ్చింది.

"డిసెంబరు నెలాఖరు దాకా గడువివ్వండి గురువుగారూ."

"ఇస్తే? కొత్త మోకాలు మొలుస్తుందా?"

"మొలవదండీ. ఉన్నదానితోనే లేస్తాను."

ఖాళీగా ఉన్న చెయ్యి దానంతటదే నేలకి పోతుందని కినుకో గమనించింది. అందుకని చేతులు ఖాళీగా ఉంచకూడదనుకుంది. ఇంట్లో భోజనాల దగ్గర, గిన్నె అంచుదాకా మిసో సూప్ పోసి, పళ్ళెంలో పెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని పొయ్యి పక్కన మోకాళ్ళ మీద కూర్చునేది. అలాగే లేచి, భర్త షిగేరు ముందుకి తెచ్చి పెట్టేది. పాదాల వేళ్ళు మడిచి, నడుము ముందుకు వాలకుండా, కుర్చీని నిలువుగా ఎత్తినట్టు తనని తాను ఎత్తుకోవాలి. మొదటివారం సగం సూప్ చాపకే పోయింది.

పడవ ఇంజన్లు బాగుచేసి ఆకలితో ఇంటికొచ్చే షిగేరుకి ఇది నచ్చలేదు.

"నీ సాధనకి నా సూపే దొరికిందా? గిన్నెలో నీళ్ళు నింపుకోరాదూ?"

"నీళ్ళయితే ఒలికినా ఏమనిపించదు. సూప్ ఒలికితే నువ్వు తిడతావు. ఆ భయం ఉండాలి."

"అంతేనా! అయితే మనసారా తిడతాను."

అన్నట్టే తిట్టాడు. ఒకరోజు సూప్ తన ఒళ్ళో పడితే లేచి నిలబడి, "పో, మళ్ళీ కూర్చో, మళ్ళీ లే! ఈసారి ముల్లంగి ముక్క నా గిన్నెలోనే ఉండాలి" అన్నాడు. కినుకో వెళ్ళి మళ్ళీ కూర్చుంది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే లేచింది. ముల్లంగి ముక్క గిన్నెలోనే ఉంది.

ఏడాది చివర శాల అంతా కడిగిన రోజున, గురువుగారు ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టింది. ముందు పోస్ట్‌మన్ కురౌచి, మధ్యలో యసుయో, చివర కినుకో. లేవమంది. కినుకో చెయ్యి ఆనకుండా లేచింది.

"లేచావు," అంది గురువుగారు. "ఒక్కదానివే లేచావు. నువ్వు లేచేసరికి వాళ్ళిద్దరూ నిలబడి చలికి వణుకుతున్నారు."

"వాళ్ళ వేగం నాకు రాదు గురువుగారూ."

గురువుగారు మిగతా ఇద్దరివైపు తిరిగింది. "మీకు ఆవిడ వేగం రాదా?"

"అంత నెమ్మదిగానా!" అంది యసుయో. "తొడలు వణికిపోతాయండీ!"

"వణకనీ. రేపట్నుంచి ముగ్గురూ కలిసి రండి."

ఆ వారమంతా యసుయో గొణుగుతూనే వచ్చింది. ఒక్కరోజు కూడా మానలేదు.

కొత్త సంవత్సరం నాడు మంచు పడుతోంది. ముగ్గురూ కలిసి కూర్చున్నారు, కలిసి లేచారు, వంతులవారీగా బాణాలు వేశారు. కినుకో ఆఖరి బాణం వదలగానే ఫట్‌మని వింటి అల్లెతాడు తెగింది. బాణం గురికి కింద ఇసుకలో గుచ్చుకుంది. తాడు నేల మీద పడింది.

తాడు తెగితే వెంటనే కూర్చుని, మోకాళ్ళ మీదే వెళ్ళి దాన్ని తీసుకుని, చుట్టి, తల వంచి అందరినీ మన్నించమనాలి. తోటివాళ్ళు కూడా కూర్చుని ఆగాలి. ఇదంతా కినుకోకి తెలుసు. ఇంకోసారి లేవాల్సి వస్తుందని మాత్రం మోకాలికి తెలియదు.

కూర్చుంది. తాడు చుట్టింది. తల వంచింది. లేవబోతే ఎడమకాలు కదల్లేదు. ఊరి పెద్దలు చూస్తున్నారు. చెయ్యి నేలవైపు పోయేదే. కానీ ఒక చేతిలో విల్లుంది, ఇంకో చేతిలో తాడుంది. రెండూ నిండుగా ఉన్నాయి.

కినుకో వేళ్ళు మడిచింది. ఊపిరి తీసుకుంది. ముందున్న యసుయో వీపు కూడా ఆ ఊపిరితోనే పైకి లేచింది. దాని ముందు కురౌచి వీపు. మూడు వీపులు, మంచు పడినంత నెమ్మదిగా, ఒక్కసారే నిలువయ్యాయి. యసుయో తొడలు వణకడం నాకు వెనక బల్ల మీంచి కూడా కనబడింది.

అందరూ టీ తాగుతుండగా గురువుగారు కినుకో దగ్గరికొచ్చింది.

"తాడు పాతది."

"అవునండీ."

"అరిగిన తాడుతో వరసలో నిలబడటం పక్కవాళ్ళకి చేసే మర్యాద కాదు."

"తప్పయిందండీ." కినుకో తల వంచింది.

"వచ్చే ఏడాది ముందే మార్చుకో."

గురువుగారు అటు తిరగ్గానే యసుయో మోచేత్తో పొడిచింది. "విన్నావా? వచ్చే ఏడాదంట! నా తొడలేమైపోవాలి?"

"రేపు మా ఇంటికి భోజనానికి రా," అంది కినుకో, మోకాలు రుద్దుకుంటూ. "సూప్ గిన్నె నువ్వు మోద్దువుగాని. తిట్టడానికి మా ఆయన ఉన్నాడు."